పాల క్యాన్లు లాగని బండి.. షోళవరంలో పరుగులు తీసిన బండి!

సూళ్లూరుపేట: రెండు పాల క్యాన్లు కడితే చాలు, ఆ బండి మొరాయించేది. కాలువ గట్టు ఎక్కాలంటే దిగి తోయాల్సిందే. పెట్రోలు మాత్రం గడగడా తాగేది. అదే బండిని క్యాన్లు దించి, కింది గేరులో గట్టిగా పట్టి తోలితే లుంగీ ఎగిరి ముఖానికి కొట్టేది. "ఇదేం శని బండిరా నాయనా" అని తిట్టుకుంటూనే పాలాయన పాతికేళ్లు తోలారు. ప్లగ్గు మార్చారు, కార్బురేటరు మార్చారు, చైను పళ్లచక్రం మార్చారు. మూడు ఊళ్ల మెకానిక్కులు చెయ్యి పెట్టారు. జబ్బు కుదరలేదు.

ఆ బండికి జబ్బే లేదని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. అది ఒకప్పుడు మద్రాసు దగ్గర షోళవరం రేసుల్లో పరుగెత్తిన జావా 250. ఇంజను లోపల ఒక మేస్త్రి ఆకురాయి పట్టి చేసిన పని అట్టాగే ఉంది. ఆ పనే పాల క్యాన్లకు పనికిరాకుండా చేసింది.

ఈ సంగతి పట్టుకున్నది సూళ్లూరుపేట దగ్గరి ఒక పల్లెలో అరవై దాటిన మెకానిక్కు. పేరు, ఊరు వేయవద్దని ఈ విలేకరికి ముందే షరతు పెట్టారు. "పేరు పడిందంటే రేపట్నించి పాత బండ్లన్నీ నా వాకిట్లోనే ఉంటాయి అబ్బయ్యా. ఇంట్లో ఆడోళ్లు ఊరుకోరు" అన్నారు నవ్వుతూ. మూడేళ్లుగా ఆయన ఆ బండిని మళ్లీ రేసు బండిగా నిలబెడుతున్నారు. కొత్త బండిలా మెరిపించడం కాదు ఆయన పని. రేసు గీత మీద నిలబడిన నాడు ఎట్ట ఉందో అట్ట చేయాలన్నది పట్టుదల. ఆ పట్టుదల ఇంట్లో పెద్ద తగవే తెచ్చింది. ఆ కథ చివర చెప్పుకుందాం.

షోళవరం అంటే..

ఈ తరం పిల్లలకు షోళవరం పేరు తెలియకపోవచ్చు. మన ట్రంకు రోడ్డు మీదే, తడ, గుమ్మిడిపూండి, కవరైపేట దాటి రెడ్‌హిల్స్‌కు చేరేలోపు తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ విమానాలు దిగడానికి పొడవైన బాట వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి, బాట మిగిలింది. దాని మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు కార్లకు, మోటారు సైకిళ్లకు పందేలు పెట్టేవారు. దేశం నలుమూలల నుంచి పందెగాళ్లు వచ్చేవారు. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు కుర్రాళ్లు బస్సు పట్టుకుని వెళ్లి, ఎండలో నిలబడి చూసి, రాత్రికి చెవులు గింగిరాలెత్తుతూ ఇల్లు చేరేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టై దగ్గర క్లబ్బు సొంత ట్రాక్ తయారయ్యాక షోళవరం సందడి ముగిసింది.

జావా బండి గురించి మన పెద్దలకు చెప్పనక్కర్లేదు. చెకోస్లోవేకియా కంపెనీ సహకారంతో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టారు. 1961లో అక్కడ బండ్లు తయారు కావడం మొదలైంది. తర్వాత అదే ఫ్యాక్టరీ బండ్లు ఎజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు, కిక్కు కొట్టే కడ్డీనే ముందుకు తిప్పితే గేరు కడ్డీ. ఆ రోజుల్లో పెళ్లికొడుక్కి జావా పెట్టారంటే ఆ సంబంధం గురించి పది ఊళ్లు చెప్పుకునేవి.

అడుగున మూడు చుక్కలు

మన మెకానిక్కు పెద్దాయన పద్నాలుగో ఏట మద్రాసు వెళ్లి ఒక షెడ్డులో పనికి కుదిరారు. అక్కడ మేస్త్రి నాయుడుపేట వైపు నుంచి వెళ్లిన తెలుగాయనే. పగలంతా మామూలు బండ్లు బాగుచేసి, రాత్రిళ్లు పందెగాళ్ల ఇంజన్లు విప్పేవారు. తాను విప్పిన ప్రతి ఇంజను సిలిండరు అడుగున, బయటికి కనపడని చోట, పంచి పెట్టి మూడు చుక్కలు కొట్టడం ఆయన అలవాటు. "ఎందుకు మేస్త్రీ అని అడిగితే, నా బిడ్డ ఎక్కడ కనపడినా గుర్తుపట్టాల కదరా అనేవాడు" అని పెద్దాయన గుర్తు చేసుకున్నారు.

మూడేళ్ల కిందట పాలాయన తన పాత బండిని పాత ఇనుము బేరగాడికి వేయబోతున్నట్టు పెద్దాయన చెవిన పడింది. అప్పటికి పదేళ్లకు పైగా అది పాకలో పడి ఉంది. సీటు మీద కోళ్లు పొదిగాయి. పెట్రోలు ట్యాంకులో తుప్పు తప్ప ఏమీ లేదు. బేరగాడు నాలుగు వేలన్నాడు. స్పేరు పార్టులకైనా పనికొస్తుందని పెద్దాయన మరో వెయ్యి వేసి తెచ్చుకున్నారు. ఇంటికొచ్చి ఇంజను విప్పి సిలిండరు తిరగేశారు. మూడు చుక్కలు!

"కాసేపు చేతులు ఆడలేదు. పదిహేడేళ్లప్పుడు ఈ సిలిండరును కిరసనాయిల్లో కడిగింది నేనే" అన్నారాయన.

వాకబు చేయగా మిగతా కథ తెలిసింది. పందెగాడు రేసులు మానుకున్నాక, ఎవరో దానికి మామూలు సైలెన్సర్లు, ఎత్తు హ్యాండిలు బిగించి రోడ్డు బండిగా అమ్మేశారు. నాలుగు చేతులు మారి పాలాయన దగ్గరికి చేరింది. పైదంతా మారింది గాని ఇంజను లోపలి పని మారలేదు.

ఎందుకు లాగలేదు?

ఇది అర్థం కావాలంటే టూ స్ట్రోకు ఇంజను సంగతి కొంచెం తెలియాలి. జావా ఇంజనులో వాల్వులు ఉండవు. సిలిండరు గోడకు కన్నాలు ఉంటాయి. పైకీ కిందికీ ఆడే పిస్టనే తలుపులాగా ఆ కన్నాలను మూస్తుంది, తెరుస్తుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఒక కన్నం నుంచి వస్తుంది. కాలిన పొగ మరో కన్నం నుంచి పోతుంది.

పొగ పోయే కన్నం పై అంచును ఆకురాయితో కొంచెం పైకి అరగదీస్తే అది ముందుగానే తెరుచుకుంటుంది, ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఇంజను మహా వేగంగా తిరుగుతున్నప్పుడు పొగకు పోయే టైము దొరికి బలం పెరుగుతుంది. నిదానంగా తిరిగేటప్పుడు మాత్రం పొగతోపాటు కాలని పెట్రోలు కూడా బయటికి జారిపోతుంది. లాగుడు పోతుంది, ఖర్చు పెరుగుతుంది. పాలాయన అనుభవించింది సరిగ్గా ఇదే. ఆయన గంటకు పాతిక కిలోమీటర్ల మీద క్యాన్లతో పోవాలనుకున్నారు. ఇంజనేమో షోళవరం నిడుపు బాట మీద పరుగెత్తడానికి తయారై ఉంది.

ఈ మాట చెప్పినప్పుడు పాలాయన చాలాసేపు మాట్లాడలేదట. "పాతికేళ్లు తిట్టినాను గదయ్యా దాన్ని" అన్నారట చివరికి.

ఏ నాటి బండి చేయాలి?

పాత బండిని తిరిగి నిలబెట్టాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఏ నాటి రూపం? మైసూరు ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి రూపమా? రేసులో పరుగెత్తిన నాటి రూపమా? పాలు మోసిన నాటి రూపమా? మూడూ ఆ బండి చరిత్రే. ఒకటి ఎంచుకుంటే మిగతా రెండూ చెరిగిపోతాయి.

ఇక్కడే తండ్రీ కొడుకులకు తేడా వచ్చింది. కొడుకు పక్క ఊళ్లో కొత్త బండ్ల రిపేరు షాపు నడుపుతున్నాడు. కంప్యూటరు పెట్టి బండి జబ్బు చెప్పే తరం. బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి చూసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మెరూన్ రంగు, క్రోమియం పూతతో తయారు చేసిస్తే లక్షన్నర ఇస్తానన్నాడు. కొడుకు షాపు గదికి అడ్వాన్సు కట్టాల్సిన సమయం అది.

"నాయన చెప్పే రేసు బండికి లైట్లుండవు, హారనుండదు, సైలెన్సరుండదు. రోడ్డు మీద తోలేదానికి లేదు. కొనేవాడూ లేడు. మూడేళ్లు కళ్లు పోగొట్టుకుని చేసి ఇంట్లో పెట్టుకుంటే ఏం లాభం?" అని కొడుకు అడిగిన దాంట్లో తప్పు పట్టడానికి లేదు.

"ఫ్యాక్టరీ జావాలు వెతికితే దొరుకుతాయిరా. మా మేస్త్రి చేతి బండి ఇదొక్కటే నా కంటబడింది. దీన్ని మెరూన్ జావా చేస్తే ఆయన పని చెరిపేసినోణ్ణి నేనే అవుతా" అన్నది పెద్దాయన జవాబు. నెల రోజులు ఇంట్లో ఇద్దరూ ఒకే పూట అన్నానికి కూర్చోలేదని ఇంటావిడ చెప్పారు.

ఫొటోయే సాక్ష్యం

మేస్త్రి కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆయన భార్య చెన్నైలో వ్యాసర్పాడిలో ఉన్నారు. ఎనభై దాటాయి. ఆమె ఇంట్లో దేవుడి పటాల పక్కన 1970ల చివరి నాటి ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. బండి, దాని పక్కన మేస్త్రి, వెనక గడ్డి మోపులు, జనం. పెద్దాయన వెళ్లి అడిగితే, "తెల్లారేసరికి తెచ్చియ్యాల. ఆయన లేకుండా గోడ బోసిగా ఉంటాది" అని ఒక్క రాత్రికి ఇచ్చారు.

ఆ ఒక్క రాత్రిలో స్టూడియోలో ఫొటోను తలుపంత చేయించారు. ఇప్పుడు అది షెడ్డు గోడకు అంటించి ఉంది. పెద్దాయన పద్ధతి వింటే మన టీచర్లు మెచ్చుకుంటారు. జావా చక్రం రిమ్ము కొలత పదహారు అంగుళాలని తెలుసు. ఫొటోలో చక్రం ఎంతుందో స్కేలు పెట్టి కొలిచారు. ఆ లెక్కన హ్యాండిలు ఎంత కిందికి వంచారు, పొగ గొట్టం ఎంత పొడవు, కాలు పెట్టే కడ్డీ ఎంత వెనక్కి జరిపారు అన్నీ కట్టారు. ఎక్కాల పుస్తకమే ఇంజనీరింగ్ పుస్తకమైంది.

రంగు సంగతి మరో చిక్కు. నలుపు తెలుపు ఫొటోలో ట్యాంకు లేత రంగులో ఉంది. పసుపా? తెలుపా? నీలమా? జ్ఞాపకాన్ని నమ్మలేనన్నారు పెద్దాయన. పాల క్యాన్ల స్టాండు బిగించిన బోల్టు విప్పితే, వాషరు కింద రూపాయి బిళ్లంత చోట పాత పెయింటు బతికి ఉంది. దాన్ని వాటర్ పేపరుతో తడిపి తడిపి రుద్దారు. పైన నలుపు, పాలాయన వేయించింది. దాని కింద లేత నీలం. అడుగున మైసూరు మెరూన్. నడుమ ఉన్న నీలమే రేసు రంగు అని తేలింది. ఆ రూపాయి బిళ్లంత చోటును ఇప్పటికీ కదిలించలేదు. దాని చుట్టూ కొత్త నీలం వేశారు.

ఫొటోలో తేలని సంగతి ఒక్కటే మిగిలింది. పొగ గొట్టాల చివరి తోక ముక్క కనపడే చోట ఎవరో పంచెకట్టు మనిషి కాలు అడ్డంగా ఉంది. "ఆ మహానుభావుడు రెండడుగులు పక్కకు నిలబడుంటే నాకు ఆరు నెలల పని తప్పేది" అన్నారు పెద్దాయన. ఈ కాలు గురించి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

కొడుకు చేతికి ఆకురాయి

అన్నిటికంటే పెద్ద గండం సిలిండరు దగ్గర వచ్చింది. పాలాయన కాలంలో పదే పదే రీబోరు కొట్టించడంతో సిలిండరు గోడ హద్దు దాటి అరిగిపోయింది. జావా అసలు బోరు 65 మిల్లీమీటర్లు. దానికి సరిపడే పెద్ద సైజు పిస్టన్లన్నీ అయిపోయాయి. ఇక లోపల కొత్త స్లీవ్ దించడం ఒక్కటే దారి. స్లీవ్ దించితే కన్నాలు మూసుకుపోతాయి. మేస్త్రి ఆకురాయి పట్టి తీసిన అంచులు గోడతో సహా పోతాయి. ఏ పని కోసం లక్షన్నర వద్దన్నారో ఆ పనే పోతుంది.

పెద్దాయన రెండు వారాలు సిలిండరు ముట్టుకోలేదు. తర్వాత ఒక పాత ఉపాయం గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే బొమ్మ పడుతుంది కదా! అట్టాగే సిలిండరు లోపల గోడకు పల్చటి కాగితం చుట్టి, పెన్సిలు రుద్దారు. కన్నాల అంచులన్నీ కాగితం మీదికి దిగాయి. విప్పి పరిస్తే పొలం పటంలాగా ఉంది. ఫ్యాక్టరీ సిలిండరుకు తీసిన కాగితంతో పోల్చారు. పొగ కన్నం పై అంచు ఒకటిన్నర మిల్లీమీటరు పైకి పోయింది. పక్క అంచులు నున్నగా గుండ్రం తిరిగాయి. పిస్టను రింగు కన్నంలో ఇరుక్కుని విరగకుండా మేస్త్రి తీసుకున్న జాగ్రత్త అది.

లేత్ షాపులో స్లీవ్ దించాక ఆ పటం చూసి మళ్లీ కన్నాలు తీయాలి. పెద్దాయనకు కంటి ఆపరేషన్ అయింది, కుడి చెయ్యి వణుకుతోంది. మూడు రోజులు ప్రయత్నించి ఆకురాయి కింద పెట్టేశారు. ఆ సాయంత్రం కొడుకు షాపు మూసి వచ్చి, మాట్లాడకుండా ఆకురాయి తీసుకున్నాడు.

"నేనేం నాయన మాట ఒప్పుకుని చేయలేదు. ఆయన చెయ్యి జారితే స్లీవ్ డబ్బులు దండగ అవుతాయని చేసినాను" అని కొడుకు ఈ విలేకరితో అన్నాడు. పదకొండు రాత్రులు పట్టింది. తండ్రి లైటు పట్టుకుని పక్కన కూర్చున్నారు. ఎడమ పక్క అంచు ఒక వెంట్రుక వాసి ఎక్కువ పోయింది. సరిచేయబోతే తండ్రి వద్దన్నారు. కుడి పక్కన మేస్త్రి చేతికీ అంత తేడా ఉందట. పని అయ్యాక సిలిండరు అడుగున మేస్త్రి మూడు చుక్కల పక్కన పెద్దాయన ఏ గుర్తూ కొట్టలేదు. "ఎవరి బిడ్డకు ఎవరి గుర్తు?" అన్నారు.

రేకు గొట్టాల మాయ

రేసు బండి పొగ గొట్టం మామూలు సైలెన్సరులాగా ఉండదు. ముందు సన్నగా మొదలై, నడుమ సొరకాయలాగా ఉబ్బి, మళ్లీ సన్నబడి తోకతో ముగుస్తుంది. పొగతోపాటు ఒక అదురు గొట్టంలో పరుగెత్తి, చివరి సన్నపు గోడకు తగిలి వెనక్కి వస్తుంది. కన్నం నుంచి జారిపోబోతున్న పెట్రోలును తిరిగి సిలిండరులోకి నెడుతుంది. కొలత సరిగ్గా కుదిరితేనే ఈ మాయ పనిచేస్తుంది. పాలాయన బండికి ఈ గొట్టాలు లేవు. అందుకే జారిపోయిన పెట్రోలును నెట్టే దిక్కు లేకపోయింది.

ఈ విద్యకు ఒక కథ ఉంది. 1950లలో తూర్పు జర్మనీలో ఎమ్‌జెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ దీన్ని లెక్కకు తెచ్చారు. చిన్న కంపెనీ బండ్లు పెద్ద కంపెనీలను భయపెట్టాయి. 1961లో ఆ కంపెనీ పందెగాడు ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్‌లో పందానికి వెళ్లి, అక్కడి నుంచి అటే తప్పించుకుని జపాన్ వారి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు 1962లో సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ విద్య జపాన్ చేరి, తర్వాత లోకమంతా పాకింది.

మన పెద్దాయన అట్ట ముక్కలు కత్తిరించి శంఖు ఆకారాలు చుట్టి చూసుకుని, తర్వాత రేకు కోసి, గొట్టం మీద వంచి, గ్యాస్ వెల్డింగ్ పెట్టి రెండు గొట్టాలు చేశారు. తోక సైజు ఫొటోలో లేదు కనుక అంచనా మీద వేశారు.

ఆముదం వాసన

పాత రేసుల దగ్గర నిలబడిన వారికి ముక్కులో మిగిలేది ఒక వాసన. అది ఆముదం వాసన. అవును, మన పెద్దలు తలకు రాసిన ఆముదమే. మహా వేడిలోనూ పల్చబడిపోకుండా లోహాన్ని అంటిపెట్టుకోవడంలో దాన్ని మించింది ఆ రోజుల్లో లేదు. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందే. రేసుకు వాడేది జిగురు తీసి శుద్ధి చేసిన ఆముదం. కుర్రాళ్లు ఇంట్లో సీసా తీసుకుని బండిలో పోస్తే ఇంజను జిగురు పట్టి చెడుతుంది. మామూలు ఇంజను ఆయిలుతో కలిపినా పొసగదు. పెద్దాయన లీటరు పెట్రోలుకు 50 మిల్లీలీటర్ల చొప్పున రేసు ఆముదం కలిపి, ఆ రోజు కలిపింది ఆ రోజే వాడేస్తున్నారు.

ఆయిలు పాతదే దొరికింది గాని పెట్రోలు దొరకలేదు. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాలు కలుస్తోంది. ఎథనాలు కలిసిన పెట్రోలు మంటకు గాలి తక్కువ కోరుతుంది. పాత జెట్టుతో ఇంజనుకు పెట్రోలు చాలక వేడెక్కుతుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, నీరు పట్టి ట్యాంకు తుప్పెక్కుతుంది. అందుకని కార్బురేటరు జెట్టు ఒక సైజు పెంచారు, పైపులు కొత్తవి వేశారు.

పాతదే కావాలని పట్టుబట్టే మనిషి కొన్నిటికి మాత్రం లొంగారు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తులను తినేస్తుంది. మా మేస్త్రులు దాన్ని నోటితో ఊదేవాళ్లని పెద్దాయన బాధపడ్డారు. అందుకే లైనింగు కొత్త రకం వేశారు. టైర్లూ కొత్తవే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే ఒక్క కిక్కుకు స్టార్టవుతుందని కొడుకు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. "మనిషి ప్రాణానికి కొత్తది వేస్తా. సుఖానికి వెయ్యను" అన్నది ఆయన గీసుకున్న గీత.

మీ పాకలోనూ ఉందా?

మన జిల్లా పల్లెల్లో పాకల్లో పడి ఉన్న పాత బండ్లు ఇంకా ఉన్నాయి. పాత ఇనుముకు వేసే ముందు పెద్దాయన చెప్పే నాలుగు మాటలు వినండి. విప్పక ముందే అన్ని పక్కల నుంచి ఫొటోలు తీసుకోండి. చాలా ఏళ్లు ఆగిన బండికి కిక్కు కొట్టవద్దు. ప్లగ్గు విప్పి కొంచెం ఆయిలు పోసి ఒక రోజు ఆగి, మెల్లగా తిప్పండి. తొందరపడి రంగు గీకవద్దు. పాత ఆర్సీ కాగితం చిరిగినా పారేయవద్దు.

ప్రభుత్వం 2021లో వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇది వర్తిస్తుంది. కొత్తగా చేయించడానికి రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తిరిగి చేయించుకోవడానికి 5 వేలు. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. రోజువారీ వాడకానికి, బాడుగకు తిప్పరాదు. ఛాసిస్, ఇంజను మార్చిన బండికి ఈ వీలు లేదు. కనుక పెద్దాయన రేసు బండి ఇందులోకి రాదు. కొడుకు వాదనలో బలం ఇదే. లైట్లు, సైలెన్సరు లేని బండిని రోడ్డెక్కించడం నేరం కనుక పరీక్ష కూడా సొంత జాగాలోనే జరగాలి.

మిల్లు కళ్లంలో..

వడ్లు రాని రోజు చూసి ఒక రైస్ మిల్లు ఓనరు తన సిమెంటు కళ్లం ఇచ్చారు. తెల్లవారి ఆరున్నరకు ఆటోలో బండి వచ్చింది. పాలాయన కూడా వచ్చారు. ఏడు కిక్కులకు ఉలకలేదు. పెద్దాయన పాయింట్లు తుడిచి మళ్లీ పెట్టారు. తొమ్మిదో కిక్కుకు లేచింది. నీలపు పొగ, ఆముదం వాసన, మిల్లు రేకులు అదిరే మోత. కాకులన్నీ లేచిపోయాయి.

హెల్మెట్ పెట్టుకుని కొడుకే తోలాడు. మెల్లగా పోతున్నంతసేపు దగ్గుతూ గునిసింది. ఒక చోట థ్రాటిల్ తిప్పేసరికి దగ్గు ఆగి, గొంతు మారి, బండి ముందుకు దూకింది. "అదిగో, ఖాళీ క్యాన్లప్పుడు ఇట్టానే పొయ్యేది!" అని పాలాయన అరిచారు. మూడు చుట్లు తిరిగాక పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపించారు. ఇంజను ఉండాల్సిన దానికంటే వేడెక్కింది. ప్లగ్గు విప్పితే తెల్లగా ఉంది. తేనె రంగులో ఉండాలట. జెట్టు ఇంకో సైజు పెంచాలేమోనని తండ్రి, గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని కొడుకు తర్కించుకున్నారు. మూడేళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారని ఇంటావిడ తర్వాత చెప్పారు.

కొడుకు సెల్‌ఫోనులో రికార్డు చేసిన మోతను ఫోనులోనే వ్యాసర్పాడి పెద్దావిడకు వినిపించారు. ఒకప్పుడు షెడ్డుకు రాత్రి పూట క్యారియరు తెచ్చి, భర్త తినేదాకా ఆ మోతలోనే కూర్చున్న మనిషి ఆమె. ఏడుస్తుందేమో అనుకున్నాం అందరం. ఆమె ఇంకోసారి వినిపించమన్నారు. విని, "బండి అదేరా. గొంతు అది కాదు. ఎవరో గొంతు పట్టుకున్నట్టుండాది" అన్నారు.

పెద్దాయన ఒక్క క్షణం ఆగి, గొట్టాల వెనక్కి పోయి మోకాళ్ల మీద కూర్చున్నారు. తోక ముక్కలో వేలు పెట్టి చూశారు. ఫొటోలో పంచెకట్టు మనిషి కాలు అడ్డమొచ్చిన చోటు అదే. అంచనా మీద వేసిన తోక సన్నమైంది. పొగ పోక వేడి నిలిచింది, గొంతు మూగబోయింది. జెట్టు తప్పు కాదు, గాలి లీకూ కాదు. యాభై ఏళ్లనాటి మోత విని ఆమె చెవి పట్టుకుంది.

ఈ విలేకరి బయలుదేరే వేళకు కొడుకు హ్యాక్సా తెచ్చి తోక కోస్తున్నాడు. బెంగళూరు ఆయన సంగతేమిటని అడిగితే, "వారానికొకసారి ఫోన్ చేస్తానే ఉండాడు. అమ్మాలా వద్దా అనేది తర్వాత చూద్దాం. ముందు ఈ గొట్టం సంగతి తేలాల" అన్నాడు తల ఎత్తకుండా.